పదకొండు ఊపిరులు

మూడు గీతల్లో ఒకటి అప్పుడే పోయింది. బస్సు ఇంకా రెండో స్టాపు దాటలేదు, ఒళ్ళో ఉన్న పెట్టె తెర మీద బ్యాటరీ బొమ్మలో రెండే గీతలు మిగిలాయి, దారి చూస్తే గంట, ఈ గంటలో ఈ రెండు గీతలూ పోతే పదకొండు ఊపిరులూ పోతాయి, నలభై రోజుల పని పోతుంది, అద్దాలమ్మ రెండు చేతులతో పెట్టెను పొట్టకేసి హత్తుకుంది, హత్తుకుంటే కరెంటు మిగులుతుందన్నట్టు. అది మామూలు పెట్టె కాదు, శాంప్లర్. ఏ శబ్దాన్నైనా పట్టి దాచుకుని, పైనున్న పదహారు రబ్బరు ప్యాడ్లలో దేని మీద వేలు పెడితే దాని మీద తిరిగి పలికించే యంత్రం. పట్టిన శబ్దాన్ని కోయొచ్చు, సాగదీయొచ్చు, తిరగేయొచ్చు, వరసలుగా పేర్చి పాట కట్టొచ్చు. కాకపోతే వయసు మళ్ళిన యంత్రం, మతిమరుపుది. కార్డులో దాచితే పదేళ్ళైనా భద్రంగా ఉంచుతుంది, దాచకుండా ఆపేస్తే మాత్రం అంతదాకా విన్నదంతా తుడిచిన పలకలా మర్చిపోతుంది. అద్దాలమ్మ కట్టింది కార్డులో లేదు. పెట్టె మేలుకుని ఉన్నంతసేపే అదీ ఉంటుంది. వియ్యపురాలి ఇంటికి చేరేదాకా ఉంటే చాలు, ఆవిడ ఒక్కసారి వింటే చాలు, ఆ తర్వాత ఆరిపోయినా ఏడవనని తనకు తానే మాటిచ్చుకుంది, ఇచ్చుకుంటూ ఉండగానే అది అబద్ధమని తెలిసిపోయింది. “ఏంటమ్మా అది, బిల్లులు కొట్టే మిషనా?” అన్నాడు కండక్టరు టిక్కెట్టు చింపుతూ. “అలాంటిదే నాయనా” అంది. నిజం చెబితే నమ్మడు, నమ్మితే ఇంకో నాలుగు ప్రశ్నలు అడుగుతాడు.

గోడ ప్లగ్గుకు తగిలించి ఉన్నంతసేపు బ్యాటరీల గొడవే లేదు. మధ్యాహ్నం కళ్ళద్దాల షాపు వెనక గదిలో, ముప్ఫై ఏళ్ళుగా తను అద్దాలు అరగదీస్తున్న రాయి పక్కనే స్టూలు వేసుకుని చివరి ఊపిరిని దాని చోట పెట్టింది, మొదటి నుంచి విన్నది, ఇంకోసారి విన్నది, ఇక ముట్టుకోవలసింది ఏమీ లేదని మొట్టమొదటిసారి అనిపించింది, దాచమని మీట నొక్కింది. కార్డులో చోటు లేదు, ఏదో ఒకటి చెరపమంది పెట్టె. ఏదో ఒకటి! ఎంత తేలిగ్గా అనేసింది. కింద నలభై పేర్లు చూపించింది, అన్నీ వియ్యపురాలివే, తలుపు, కుళాయి, కుర్చీ, మెట్లు, ఇస్త్రీపెట్టె, తాళంచెవులు, పదేళ్ళ పని. అలాంటి కార్డులు ఇప్పుడు ఎక్కడా అమ్మడం లేదట, ఉన్నది అదొక్కటే. ఆమె వేలు ఆ పేర్ల మీద పావుగంట కిందికీ పైకీ తిరిగింది. ఇస్త్రీపెట్టె తీసేద్దామా, చిన్నదే కదా, కానీ అందులో ఆవిరి బుస్సుమనే చోట... పోనీ కుర్చీ? కుర్చీ విన్నాకే కదా రెండు శబ్దాల మధ్య ఖాళీని కూడా వినాలని తెలిసింది. తలుపు సంగతి అనుకోవడమే పాపం. ఫోన్ చేసి అడగొచ్చు, కానీ ఆవిడ ఏమంటుందో తెలుసు, దాందేముంది చెరిపేయండి వదినగారూ అంటుంది, వినకుండానే అంటుంది, మర్యాదకు అంటుంది, ఆ మర్యాద అద్దాలమ్మకు అక్కర్లేదు. ఫోన్‌లో రికార్డు చేసి దాచొచ్చు కదా అంటే, ఫోన్‌లో ఉండేది ఒకసారి వాయించినది, పెట్టెలో ఉండేది ఎన్నిసార్లైనా వాయించగలిగేది, పెళ్ళి ఫొటోకూ పెళ్ళికూతురికీ ఉన్నంత తేడా ఉంది. ఇలా కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటూ ఉండగా ఎలక్ట్రీషియన్ లోపలికి తొంగిచూసి, “అమ్మా, కొత్త వైర్లు వేస్తున్నాం, పది నిమిషాల్లో మెయిన్ ఆపేస్తా, మళ్ళీ కరెంటు రేపు పొద్దున్నే” అని చావుకబురు చల్లగా చెప్పి వెళ్ళాడు. ఓనరు లేడు, కొట్టుకు పోయి వచ్చేంత వ్యవధీ లేదు. గోడగడియారంలోంచి ఒకటి, టీవీ రిమోట్‌లోంచి రెండు, టార్చిలోంచి మూడు, అన్నీ ఒకే సైజువి కావడం ఆమె అదృష్టం, అన్నీ సగం వాడినవి కావడం ఆమె ఖర్మ. పెట్టె అడుగున వాటిని బిగించి, పెట్టెకున్న వైరు పీకి, షట్టరు దించి, బస్సు వెనకాల పరుగెత్తింది. సీట్లో కూర్చున్నాక గుర్తొచ్చింది, వైరు గోడకే వేలాడుతూ ఉండిపోయిందని. వియ్యపురాలి దగ్గర ఇంకో వైరు లేదు, పెట్టెతో పాటు ఆవిడ ఇచ్చింది అదే. దారిలో కొత్త బ్యాటరీలు కొందామన్నా లాభం లేదు, పాతవి తీసిన క్షణంలోనే పెట్టె అంతా మర్చిపోతుంది. షాపులో గడియారం నాలుగుంపావుకు ఆగిపోయి ఉంటుంది, రేపు ఓనరు వచ్చి దాన్ని చూసి ఇంకా నాలుగుంపావే కదా ఈవిడ ఎటు పోయిందని వెతుక్కుంటాడు, అనుకుని అద్దాలమ్మకు అంత దిగుల్లోనూ నవ్వొచ్చింది.

వియ్యపురాలు అనగానే జనం మూతి విరుస్తారు. కూతురి పెళ్ళప్పుడు ఇరుగుపొరుగు ఎన్ని భయాలు పెట్టారో. వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండాలంటారు, అద్దాలమ్మ కయ్యానికి కూడా కొంగు బిగించుకునే వెళ్ళింది, తీరా చూస్తే కయ్యానికి ఆవిడకు తీరికే లేదు. “అత్తయ్య పొద్దస్తమానం వెనక గదిలోనే ఉంటారమ్మా, నాకు వంకలు పెట్టడానికి కూడా ఆవిడకి టైముండదు” అని కూతురు కొత్తలో ఫోన్ చేసింది, అది ఫిర్యాదో సంతోషమో తల్లికి అంతుపట్టలేదు. ఆ వెనక గదిలోంచి ఒక సాయంత్రం ఓడ కూసింది. సముద్రం కనుచూపు మేరలో లేని ఊళ్ళో ఓడ. అద్దాలమ్మ గది తలుపు తోసుకుని వెళ్ళింది, లోపల సన్నగా, నెరిసిన జుట్టు ముడివేసుకుని, చెవుల మీద హెడ్‌ఫోన్ జరుపుకుంటూ ఆవిడ. “ఓడ ఎక్కడిదండీ?” అంటే, “ఇప్పుడు మీరు తోసుకుని వచ్చారే, ఆ తలుపుది” అంది. ఒకే ఒక్క కిర్రు. దాన్ని బాగా సాగదీస్తే ఓడ, కుదిస్తే పిట్టలు, తిరగేస్తే ఎవరో బరువైన మూట ఈడ్చుకెళ్తున్నట్టు, గోరంత ముక్క కోసి వరసగా కొడితే డోలు. అన్నీ ఒక్క తలుపులోంచే. అద్దాలమ్మ నిలబడిన చోటే నేల మీద కూలబడి మొత్తం విన్నది, అబ్బ, ఏం మనిషి, ఇంట్లో ఇరవై ఏళ్ళుగా అందరూ నూనె వేయండి నూనె వేయండి అంటున్న తలుపు అది. ఆ రాత్రి ఇంటికి వెళ్ళి తన ఇంటి తలుపులన్నీ ఒకసారి తీసి వేసి చూసింది, ఒక్కటీ ఓడ కాలేదు.

ఆవిడ ముప్ఫై ఏళ్ళు రేడియోలో టేపులు కోసింది. అప్పట్లో మాట అంటే గోధుమరంగు రిబ్బను, తప్పొస్తే బ్లేడుతో కోసి అతికించడమే. బొటనవేలి మీద ఇప్పటికీ గాట్లున్నాయి. ఉపన్యాసాల్లో దగ్గులు కోసేది, సకిలింపులు కోసేది, మాటకూ మాటకూ మధ్య ఊపిరి పీల్చుకునే చప్పుడు కోసేది, సాయంత్రానికి కుర్చీ చుట్టూ మంగలి షాపులో వెంట్రుకల్లా టేపు ముక్కలు. “మంత్రులు కూడా నా బ్లేడు దాటాకే ధారాళంగా మాట్లాడేవాళ్ళు వదినగారూ” అని నవ్వేది. ఆ చేతికి పెట్టె ఎందుకు లొంగిందో వేరే చెప్పాలా. కానీ ఆ విద్యను దాచుకోకపోవడం గొప్ప. వేళ్ళు కదలని అద్దాలమ్మను ఆదివారం ఆదివారం పక్కన కూర్చోబెట్టుకుని, పదిసార్లు అడిగినా పదకొండోసారి మొదటిసారిలాగే చెప్పేది. శబ్దం తల ఎక్కడుందో చూడండి, ముందుగా కోస్తే వేలు నొక్కాక ఆలస్యంగా పలుకుతుంది, తర్వాత కోస్తే తల తెగిన మనిషిలా ఉంటుంది. శబ్దం ఎంత పెద్దదైతే పెట్టె దానంతటది మేలుకుని పట్టుకోవాలో ఆ గడప ఎత్తు ఇక్కడ పెట్టాలి. ఇది నొక్కితే కొత్త శబ్దం పాతదాని నోరు మూయిస్తుంది. ఇది నొక్కితే మీరు ఎలా తడబడి కొట్టినా పెట్టె తాళంలోకి సర్దేస్తుంది, దీన్ని మాత్రం ఎప్పుడూ ముట్టుకోకండి.

అదే అద్దాలమ్మకు మింగుడుపడలేదు. అద్దం వెంట్రుకవాసి ఎక్కువ అరిగితే ఫ్రేములో నిలవదు, తక్కువ అరిగితే ఎక్కదు, సరిగ్గా రావడమే ఆమె బతుకంతా. సరిచేసే మీట ఉండగా వాడొద్దంటారేంటండీ అని అడిగింది. “తడబడితే ఆ తడబాటు మీదై ఉండాలి కదా” అంది ఆవిడ. అర్థం కాలేదు, తలూపింది. నాలుగు నెలలు తిరిగేసరికి తనూ ఒక పాట కట్టింది, ఫోన్‌లో పట్టి తెచ్చిన షాపు షట్టరు చప్పుడుతో, సాగదీసి ఉరుము చేసింది, కుదించి చిలకలు చేసింది, కోసి డోలు చేసింది, తనకే ముచ్చటేసి వినిపించింది. వియ్యపురాలు కళ్ళు మూసుకుని ఆఖరిదాకా విన్నది. “బాగుంది వదినగారూ. కానీ ఇది నాది.” అంతే అంది. అందులో వెటకారం లేదు, కోపం లేదు, కళ్ళద్దాలు పెట్టుకున్న మనిషికి మీ చూపు ఇంత అని చెప్పినట్టు ఉన్నదున్నట్టు చెప్పింది. అందుకే అంత తగిలింది. అద్దాలమ్మ బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది, కుళాయి చప్పుడు వింటూ ఇది కూడా ఆవిడ వాడేసిందే కదా అని ఇంకాస్త ఏడ్చింది. బయటికి వచ్చేసరికి ఆవిడ పెట్టెను దుప్పట్లో చుట్టి సంచిలో పెట్టి గుమ్మం దగ్గర ఉంచింది. కొడుకును దుమ్ము తుడవడానికి కూడా ముట్టుకోనివ్వని పెట్టె. “నలభై రోజులు మీ దగ్గరే ఉండనివ్వండి. మీది దొరికాక తీసుకురండి.”

బస్సు ఆగింది, ముందు లారీ ఏదో అడ్డం తిరిగిందట, డ్రైవరు ఇంజను ఆపి దిగిపోయాడు. పక్క సీట్లో పెద్దాయన కళ్ళద్దాలు ఎడమవైపు జారి ఉన్నాయి, ముక్కు దగ్గర మెత్త ఊడిపోయినట్టుంది, ఇంకో రోజైతే అడిగి మరీ సరిచేసేది. ఇవాళ చేతులు ఖాళీ లేవు. తెర వంక చూడకూడదనుకుంటూ చూసింది, రెండు గీతలే ఉన్నాయి, అమ్మయ్య, మళ్ళీ చూసేసరికి ఒకటే ఉంది. పాట పెట్టి వినడానికి లేదు, వింటే ఇంకా తొందరగా తాగేస్తుంది, అందుకని సంచి మీద వేళ్ళతో నిశ్శబ్దంగా వాయించుకుంది, మొదట ఎడమ చూపుడువేలు, ఆగు, ఆగు, ఇంకా ఆగు, ఇప్పుడు కుడివేలు.

నలభై రోజుల్లో మొదటి ఇరవై వృథా. వాన, పిచ్చుకలు, గంట, ఊరంతా తిరిగి పాటకు తగ్గ మర్యాదైన శబ్దాలన్నీ పట్టింది, అన్నీ ఆవిడ పాటల్లాగే తేలాయి, కాస్త నాసిరకంగా. ఒకరోజు విసుగొచ్చి పెట్టెను షాపు కౌంటరు మీద పడేసి పనిలో పడింది. బట్టలు కుట్టే ఒకామె వచ్చింది, సూదిలో దారం ఎక్కించి ఆరేళ్ళయిందట. అద్దాలు బిగించి, కొసలు వంచి, ఆమె చెవుల మీద ఆనించి అద్దాలమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమె తన అరచేతిని చూసుకుంది. అప్పుడు వచ్చింది, చిన్న ఊపిరి, మాట కాదు, నిట్టూర్పు కాదు, లోపలికి పీల్చి మరిచిపోయినట్టు అక్కడే ఆగిన గాలి. ఆ తర్వాతే అమ్మో గీతలన్నీ కనిపిస్తున్నాయి అని మాట. ముప్ఫై ఏళ్ళలో కొన్ని వేలసార్లు విన్న ఊపిరి అది, విన్నానని కూడా తెలియకుండా విన్నది, స్పష్టంగా కనబడగానే ప్రతి మనిషీ చేసే చప్పుడు, ఏ ఒక్కరిదీ ఇంకొకరిలా ఉండదు. అద్దాలమ్మ ఆమె వెళ్ళేదాకా ఆగి, కౌంటరు పట్టుకుని నిలబడి, ఇదే, ఇదే, అని పైకే అంది.

పట్టడం అంత తేలిక కాలేదు. పెట్టె దానంతటది మేలుకోవాలంటే గడప దాటేంత పెద్ద చప్పుడు కావాలి, ఊపిరి ఆ గడప కిందినుంచే జారిపోయేది, ఆ తర్వాతి అమ్మో మాత్రం బ్రహ్మాండంగా దొరికేది. గడప దించితే పంకా, వీధి, రాయి చప్పుడు, లోకమంతా లోపలికి వచ్చి కూర్చునేది. వారం రోజులు పన్నెండు మంది అమ్మోలు, ఓహోలు, ఎంతైందండీలు తప్ప ఏమీ మిగల్లేదు. అప్పుడు వెలిగింది, పెట్టెకు ఎందుకు వదిలెయ్యాలి, ఊపిరి వచ్చే ముందు ఏమవుతుందో పెట్టెకు తెలియదు, తనకు తెలుసు. భుజాలు దిగుతాయి. అంతదాకా కనబడని లోకాన్ని పట్టుకుందామని బిగబట్టుకుని ఉన్న భుజాలు రెండూ, రెప్పపాటు ముందు, వాటంతటవే దిగుతాయి. అద్దాలమ్మ పంకా ఆపి, పెట్టె మీద వేలు పెట్టి, మనుషుల భుజాలు చూడడం మొదలుపెట్టింది. భుజాలు దిగగానే నొక్కేది. ముందే చెబితే మనుషులు బిగుసుకుపోతారు, అందుకని పట్టాక చెప్పేది, మీ ఊపిరి ఉంచుకోనా అని. పదకొండు మంది నవ్వి ఉంచుకోమన్నారు, ఒక లెక్కల మాస్టారు మాత్రం కుదరదన్నాడు, ఆయన ఎదుటే చెరిపేసింది, అదే అన్నిట్లోకీ బాగుంది, ఏం చేస్తాం.

సాగదీసి చూసింది, ఊపిరి కాస్తా సముద్రమైంది, అందంగానే ఉంది, వెంటనే వద్దనుకుంది, అది తలుపు చేసే పని. ఆవిడది ఒకదాన్ని ఇంకోటిగా మార్చే విద్య, ఎంత గొప్ప విద్య, కానీ ఈ ఊపిరి ఇంకోటి కానక్కర్లేదు. దేన్నీ పెంచలేదు, కుదించలేదు. ఒక్కొక్క ఊపిరికీ ముందు ఎంతసేపు ఎదురుచూడాలో అదే కట్టింది. ఒక్కొక్క మనిషి ఒక్కొక్కంతసేపు ఎదురుచూశాక కదా స్పష్టంగా చూసింది. కొత్త ఊపిరి వచ్చి పాతదాన్ని ఆపుతుంది, మళ్ళీ ఖాళీ, మళ్ళీ ఇంకొకరు. సరిదిద్దే మీట ఒకసారి నొక్కి చూసింది, పదకొండు ఊపిరులూ కవాతు చేసినట్టు వచ్చాయి, ఒళ్ళు జలదరించి తీసేసింది, అప్పుడు తెలిసింది ఆవిడ ఆనాడు ఏం చెప్పిందో. తడబాటు నాది.

బస్సు కదిలింది. దిగేసరికి ఆ ఒక్క గీతా ఆగి ఆగి మెరుస్తోంది. మూడంతస్తులు, లిఫ్టు కోసం ఆగలేదు, ఏభై అయిదేళ్ళ మోకాళ్ళు తిట్టుకుంటూ ఎక్కాయి. కూతురు తలుపు తీసి “ఏంటమ్మా ఆ పరుగు, ఏమైంది?” అంటుంటే దాటుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయింది, కిర్రుమంది తలుపు. “వదినగారూ, ఆరిపోతోంది, వైరు లేదు, దాచలేదు, ముందు వినండి” అని హెడ్‌ఫోన్ ఆవిడ చెవుల మీద తనే పెట్టేసింది, అద్దాలు పెట్టినట్టు, రెండు వైపులా సర్ది, ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆవిడ కళ్ళు మూసుకుంది. అద్దాలమ్మకు ఏమీ వినబడదు, మెరిసే గీతా, ఆవిడ ముఖమూ తప్ప చూడడానికి ఏమీ లేదు. ఇప్పుడు మొదటిది వచ్చి ఉంటుంది, పూలు కట్టే ఆమెది. ఇప్పుడు ఖాళీ. ఇప్పుడు ఆటో డ్రైవరుది. ముఖంలో ఏమీ లేదు. ఇది కూడా ఆవిడదే అంటే ఇంక ఈ పెట్టె ముట్టుకోను, నా రాయి నాకుంది, ఆదివారాలు కూడా షాపు తెరుస్తాను. నాలుగు, అయిదు. ఆరోదాని ముందు అన్నిటికంటే పెద్ద ఖాళీ. అక్కడ ఆవిడ భుజాలు దిగాయి. అద్దాలమ్మ వేలు దానంతటది గాలిలో నొక్కింది, రెప్పపాటు తర్వాత ఆవిడ నోటినుంచి అదే వచ్చింది, చిన్నది, లోపలికి పీల్చి మరిచిపోయినట్టు.

ఆవిడ కళ్ళు తెరిచింది. ఇంకా అయిదు ఊపిరులు ఉండగానే పాట ఆపింది. గబగబా తెర మీద పేర్ల వరస తీసి, పైనున్న మొదటి పేరు దగ్గరే ఆగి, నొక్కింది. “అయ్యో వదినగారూ, అది తలుపు!” అని అద్దాలమ్మ ఆవిడ మణికట్టు పట్టుకునేలోపు తలుపు పోయింది, దాని చోట ఊపిరులు దాగాయి, దాగాయని తెర మీద రాసి, ఆ రాతతోనే పెట్టె ఆరిపోయింది.

అద్దాలమ్మ కళ్ళనిండా నీళ్ళు, దేనికో తనకే తెలియదు, తలుపు పోయినందుకా, తనది ఉన్నందుకా. “ఎంత పని చేశారండీ. పదేళ్ళది. ఏ తాళంచెవులో తీసేస్తే సరిపోయేది కదా.”

“అది నాకు వచ్చు, మళ్ళీ చేసుకుంటాను, తలుపు ఎక్కడికీ పోలేదుగా” అంది ఆవిడ హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుంటూ. “ఇది నాకు రాదు. ముప్ఫై ఏళ్ళు వీటినే కోసి కింద పడేశాను.” కాసేపు బొటనవేలి మీది గాట్లు తడుముకుంది. తర్వాత, కొత్తగా బడిలో చేరబోయే మనిషిలా కాస్త బెరుగ్గా అడిగింది, “రేపు మీ షాపు ఎన్నింటికి తెరుస్తారు?”

“తొమ్మిదింటికండీ” అంది అద్దాలమ్మ కళ్ళు తుడుచుకుని. “వచ్చేటప్పుడు ఒక బ్యాటరీ తెండి. మా గడియారం ఆగిపోయింది.”